ఆటోమేషన్ కొనుక్కోవాలా, ఓపెన్ సోర్స్‌తో మనమే పెట్టుకోవాలా?

తిరుపతిలో చిన్న టీముతో సాఫ్ట్‌వేర్ పని నడుపుతున్న వాళ్ళు ఎక్కడ కలిసినా ఈ మధ్య మాట తిరిగి తిరిగి ఇక్కడికే వస్తోంది. కోడ్ రాశాక బిల్డ్ చేయడం, అంటే దాన్ని నడిచే ప్రోగ్రాంగా మార్చడం, టెస్టులు నడపడం, సర్వర్ మీదికి ఎక్కించడం, ఇవన్నీ దానంతట అవే జరిగిపోవాలి, ఇందులో ఎవరికీ రెండో మాట లేదు. పేచీ అంతా ఎలా పెట్టుకోవాలన్న దగ్గరే. నెలకింత అని కట్టి బయటి కంపెనీ సర్వీసు తీసుకుంటే తలనొప్పి ఉండదని ఒకరంటారు. బిల్డులు నడిపే జెంకిన్స్ ఉంది, బ్రౌజర్‌లో టెస్టులు నడిపే ప్లేరైట్ ఉంది, కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్ టూల్స్, అన్నీ ఉచితమే, పైసా ఎందుకు పెట్టాలని ఇంకొకరంటారు. నాకు ఈ రెండు మాటలూ నచ్చవు. రెండూ డబ్బు దగ్గర మొదలై డబ్బు దగ్గరే ఆగిపోతాయి.

నేననేది ముందే చెప్పేస్తాను. పని ఏ వరుసలో ఎలా జరగాలో చెప్పే భాగం, అంటే బిల్డ్ స్క్రిప్టులు, టెస్టులు, రిలీజ్ చేసే విధానం, ఇదంతా ఓపెన్ సోర్స్ టూల్స్‌తో రాసి మన కోడ్ దాచుకునే రిపాజిటరీలోనే పెట్టుకోవాలి. అది నడిచే మెషిన్‌ని మాత్రం ఎవరి దగ్గరైనా నిశ్చింతగా అద్దెకు తీసుకోవచ్చు. అసలు అద్దెకే తీసుకోమంటాను. ఈ రెండిటినీ కలిపేసి మొత్తంగా కొనేయడమో, మొత్తంగా నెత్తిన పెట్టుకోవడమో చేస్తున్నందుకే మన ఊళ్ళలో చిన్న టీములు దెబ్బ తింటున్నాయని నా నమ్మకం.

మేం చేసే పని ఏంటో చెప్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు కాటా దగ్గర వాడే సాఫ్ట్‌వేర్ చేస్తాం. లోడు బండి కాటా ఎక్కుతుంది, తూకం పడుతుంది, రైతుకి చీటీ వస్తుంది, ఖాళీ బండి మళ్ళీ ఎక్కుతుంది, లెక్క తేలుతుంది. తిరుపతిలో కొన్ని లాడ్జీలకు రూముల సాఫ్ట్‌వేర్ కూడా చేస్తాం. రెండింటికీ సీజన్లున్నాయి. తోతాపురి కాయ జూన్, జూలైలో ఒక్కసారిగా దిగుతుంది, ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. లాడ్జీల వాళ్ళకు బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి. ఆ రోజుల్లో తప్పు దొరికితే దాన్ని సరిచేసి గంటలో కాటా దగ్గరున్న కంప్యూటర్‌కి చేర్చాలి, సోమవారం చూద్దాం అనడానికి లేదు. కాయ కోశాక రైతుకి సోమవారం దాకా టైం ఉండదు. అందుకే బిల్డ్ ఆగిపోయినప్పుడు ఆఫీసులో కూర్చున్న వాళ్ళలో ఎవరైనా దాన్ని విప్పి చూసి బాగుచేయగలరా అన్నదే నేను మొదట అడిగే ప్రశ్న. ధర ఆ తర్వాతి సంగతి.

అయినా ధర సంగతి కూడా చూద్దాం, దాని మీదే కదా అందరి కళ్ళూ. బిల్డులు నడపడానికి మెషిన్లు అద్దెకిచ్చే గిట్‌హబ్ యాక్షన్స్ సర్వీసు ఉచిత ప్లాన్‌లో ప్రైవేట్ రిపాజిటరీలకు చాలా ఏళ్ళుగా నెలకు 2,000 నిమిషాలు ఇస్తున్నారు. బిల్డ్‌కి 10 నిమిషాలు అనుకుంటే లైనక్స్ మీద 200 సార్లు నడుపుకోవచ్చు, చిన్న టీముకి అది తక్కువేం కాదు. అదే ఐఫోన్ యాప్ కోసం మాక్ మెషిన్ మీద నడిపితే నిమిషానికి పది నిమిషాల లెక్కన కోత పడుతుంది, 20 బిల్డులకే కోటా అయిపోతుంది. ఇంకోపక్క చెల్లింపుల గొడవ. కార్డు నుంచి నెలనెలా దానంతట అదే కట్ అయ్యే చెల్లింపులకి 2021 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ కొత్త నిబంధన తెచ్చింది. 5,000 రూపాయలు దాటితే ప్రతిసారీ మనం ఓటీపీతో ఒప్పుకోవాల్సిందే. 2022 జూన్‌లో ఆ పరిమితిని 15,000కి పెంచారు. నిబంధన మంచిదే, మన డబ్బు మనకు తెలియకుండా పోకూడదనే పెట్టారు. కానీ డాలర్లలో బిల్లు వేసే విదేశీ సర్వీసులు చాలా వాటికి ఆ ఏర్పాటు లేక చెల్లింపులు తిరిగొచ్చేశాయి. మాకూ ఒక సర్వీసుతో అదే జరిగింది, చెల్లింపు పడలేదని అకౌంట్ ఆపేశారు, బిల్డులు ఆగాయి, మెయిల్ పెడితే వాళ్ళకి పొద్దు పొడిచేదాకా జవాబు లేదు.

ఓపెన్ సోర్స్ ఉచితం అనేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. ఆఫీసు మూలన ఒక పాత కంప్యూటర్ మీద జెంకిన్స్ పెట్టడం ఒక పూట పని. ఆ తర్వాత కరెంటు పోతుంది, యూపీఎస్ బ్యాటరీ అరగంటకి చేతులెత్తేస్తుంది, డిస్క్ నిండుతుంది, ఒక ప్లగిన్ (అదనపు పని కోసం తగిలించుకునే ముక్క) అప్‌డేట్ చేస్తే ఇంకొకటి పనిచేయదు. జెంకిన్స్‌కి 1,800 పైచిలుకు ప్లగిన్లున్నాయి, అదే దాని బలం, దాన్ని చూసుకునే మనిషికి అదే నరకం. ఆ మనిషి జీతాన్ని ఎవరూ లెక్కలో వేయరు. వారానికి సగం రోజు ఒకరు దానికే పోతే ఆ సగం రోజు జీతమే దాని ధర. దాన్ని కాగితం మీద రాసుకున్నాక కూడా అదే నయం అనిపిస్తే పెట్టుకోండి, నాకు అభ్యంతరం లేదు. రాసుకోకుండా ఉచితం ఉచితం అనడమే తప్పు.

ఇక అసలు సంగతికి వస్తాను.

కొన్నేళ్ళ కింద మేమొక టెస్టింగ్ సర్వీసు వాడేవాళ్ళం. బ్రౌజర్‌లో మనం నొక్కుతూ పోతే అదంతా రికార్డు చేసుకుని టెస్టుగా దాచిపెట్టి, రోజూ రాత్రి నడిపి పొద్దునకి రిపోర్టు పంపేది. కోడ్ రాయడం రాని అమ్మాయి కూడా టెస్టులు చేయగలిగింది, ఆ మేలు నేను కాదనను. లాడ్జీ సాఫ్ట్‌వేర్‌లో రూము మార్చడం, ముందే కట్టిన డబ్బు వెనక్కివ్వడం, ఒకే గుంపుకి పది రూములివ్వడం, ఇలాంటి చిక్కు కేసులన్నీ అందులో పేరుకుపోయాయి. ఒకరోజు చిన్న ప్లాన్ ఎత్తేస్తున్నామని మెయిల్ వచ్చింది. పెద్ద ప్లాన్ ధర మాలాంటి వాళ్ళకి అందేది కాదు. సరే, మా టెస్టులు మాకిచ్చేయండి అంటే పీడీఎఫ్‌లో రిపోర్టులిచ్చారు. టెస్టు నడిచే రూపంలో బయటికి తీసే దారే లేదు, అది వాళ్ళ సొంత ఫార్మాట్, వాళ్ళ మెషిన్ల మీదే నడుస్తుంది. లాడ్జీ కౌంటర్లలో కూర్చుని, మేనేజర్లను అడిగి అడిగి, ఏళ్ళ తరబడి మా వాళ్ళు పోగుచేసిన తెలివి అది. దానికి మేం నెలనెలా అద్దె కట్టాం, అద్దె ఆపగానే మాది కాకుండా పోయింది. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మళ్ళీ అవే టెస్టులు ప్లేరైట్‌లో రాశాం. ప్లేరైట్ మైక్రోసాఫ్ట్ వాళ్ళు 2020లో బయటపెట్టిన ఓపెన్ సోర్స్ టూల్, లైసెన్స్ అపాచీ 2.0, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. సెలీనియం అనే ఇలాంటి టూల్ అంతకంటే వయసులో పెద్దది, 2004లో మొదలైంది, బ్రౌజర్‌ని కోడ్‌తో నడిపే దాని వెబ్‌డ్రైవర్ పద్ధతిని వెబ్ ప్రమాణాలు ఖరారు చేసే డబ్ల్యూ3సీ సంస్థ 2018లో ప్రమాణంగా ఒప్పుకుంది. ఈ రెండింట్లో ఏది వాడినా టెస్టు మామూలు కోడ్ ఫైలే. అది కోడ్‌లో ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే మా గిట్‌లో ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో కనిపిస్తుంది. రేపు మైక్రోసాఫ్ట్ ప్లేరైట్‌ని వదిలేసినా నిన్నటి వెర్షన్ మా దగ్గర నడుస్తూనే ఉంటుంది. రికార్డు చేసి టెస్టు తయారుచేసే వీలు ప్లేరైట్‌లోనూ ఉంది, తేడా ఏంటంటే చివరికి చేతికొచ్చేది చదవగలిగిన కోడ్. కోడ్ రాయడం రాని ఆ అమ్మాయి రికార్డు చేసి, వచ్చిన కోడ్ చదివి, కొంచెం కొంచెంగా మార్చడం నేర్చుకుని, ఇప్పుడు మా టెస్టులన్నీ తనే చూస్తోంది. పాత టూల్‌తోనే ఉండి ఉంటే ఈ పని నేర్చుకునే అవకాశం ఆమెకి వచ్చేది కాదు.

ఇలా అంటే ఓపెన్ సోర్స్ వాళ్ళు మాత్రం మాట మార్చరా అని అడుగుతారు. మారుస్తారు. టెర్రాఫార్మ్‌ని తీసుకోండి, సర్వర్లను కోడ్‌తో సిద్ధం చేసుకునే టూల్, లోకమంతా వాడింది. 2023 ఆగస్టులో దాన్ని తయారుచేసిన హాషికార్ప్ కంపెనీ దాని లైసెన్స్‌ని ఓపెన్ సోర్స్ నుంచి తమ వ్యాపారానికి పోటీ రాకుండా కట్టడి చేసే లైసెన్స్‌కి మార్చేసింది. డేటాని వేగంగా అందించే రెడిస్ 2024 మార్చిలో అదే పని చేసింది, డేటాలో వెతకడానికి వాడే ఎలాస్టిక్‌సెర్చ్ అంతకుముందే 2021లో చేసింది. కానీ ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. టెర్రాఫార్మ్ పాత కోడ్‌ని తీసుకుని ఓపెన్‌టోఫు పుట్టింది, నెల తిరిగేసరికి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఆసరాగా ఉండే లైనక్స్ ఫౌండేషన్ కిందకి చేరింది, 2024 జనవరిలో వాడుకోదగ్గ వెర్షన్ వచ్చేసింది. రెడిస్ నుంచి వాల్కీ, ఎలాస్టిక్‌సెర్చ్ నుంచి ఓపెన్‌సెర్చ్ వచ్చాయి. ఎలాస్టిక్‌సెర్చ్ 2024లో, రెడిస్ 2025లో మళ్ళీ ఓపెన్ సోర్స్ లైసెన్స్ దారికి వచ్చాయి. జెంకిన్స్ కథా ఇదే. కోసుకే కవాగుచి సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఉన్నప్పుడు హడ్సన్ పేరుతో మొదలుపెట్టాడు. సన్‌ని ఒరాకిల్ కొన్నాక పేరు మీద హక్కు మాదేనంది. 2011లో దాన్ని వాడేవాళ్ళూ రాసేవాళ్ళూ ఓటేసుకుని, పేరు వాళ్ళకే వదిలేసి, కోడ్ తీసుకుని జెంకిన్స్ అని బయటికొచ్చారు. ఈ రోజు హడ్సన్ ఎక్కడుందో చెప్పండి చూద్దాం.

అమ్మేవాడు మాట మార్చడం రెండు చోట్లా ఉంది, సర్దుకుని బయటికొచ్చే దారి ఒకచోటే ఉంది. ట్రావిస్ సీఐ అనే బిల్డ్ సర్వీసు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఏళ్ళ తరబడి ఉచితంగా బిల్డులు చేసిపెట్టింది. 2019లో దాన్ని ఇంకో కంపెనీ కొన్నది, 2020 నవంబర్‌లో ధరల పద్ధతి మారింది, 2021లో పాత ఉచిత సైటు మూతపడింది. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. ఉచితంగా ఇచ్చే మెషిన్ల మీద దొంగచాటుగా క్రిప్టో మైనింగ్ చేసేవాళ్ళు ఎక్కువయ్యారు, అదే కారణంతో గిట్‌ల్యాబ్ కూడా 2021లో ఉచిత వాడకానికి కార్డు అడగడం మొదలుపెట్టింది. వ్యాపారం వ్యాపారమే. ఆ మార్పు వచ్చినప్పుడు ఎవరు తేలిగ్గా బయటపడ్డారంటే, అసలు పనంతా సొంత స్క్రిప్టుల్లో రాసుకుని, ట్రావిస్ ఫైల్లో ఆ స్క్రిప్టుని పిలిచే రెండు మూడు లైన్లు మాత్రమే పెట్టుకున్న వాళ్ళు. మిగతా వాళ్ళు ఆ ఫైలు తిరగరాసుకుంటూ కూర్చున్నారు.

మేం పాటించే పద్ధతి కూడా అదే. బిల్డ్ అంతా ఒక మేక్ ఫైల్లో (కమాండ్లు వరుసగా రాసుకునే ఫైలు), కొన్ని షెల్ స్క్రిప్టుల్లో ఉంటుంది. ఏ ల్యాప్‌టాప్ మీదైనా ఒక్క కమాండ్‌తో నడవాలి, కరెంటు ఉండి ఇంటర్నెట్ లేకపోయినా నడవాలి. బయటి సర్వీసు ఫైల్లో ఆ కమాండ్‌ని పిలవడం తప్ప ఇంకేం రాయం. దీనివల్ల ఆ సర్వీసు ఇచ్చే అందమైన బటన్లు కొన్ని వాడుకోలేం, నిజమే. పోనీ.

తెలుగులో పనిచేసే వాళ్ళకి ఎదురయ్యే చిక్కు ఒకటి చెప్తాను, ఇది బెంగళూరులో కూర్చుని ఇంగ్లిష్‌లో బిల్లులు వేసేవాళ్ళకి తట్టదు. కాటా చీటీ తెలుగులో ఉండాలి, రైతు చదువుకోవాలి కదా. చిన్న థర్మల్ ప్రింటర్లలో తెలుగు అక్షరాలుండవు, అందుకని చీటీని బొమ్మగా తయారుచేసి పంపిస్తాం. బయటి మెషిన్ మీద టెస్టు నడిపితే తెలుగు ఫాంటే లేదు, అక్షరాల చోట డబ్బాలొచ్చాయి. ఫాంటు పెడితే ఒత్తులు విడిపోయాయి, 'చిత్తూరు'లో త కింద ఉండాల్సిన ఒత్తు పక్కకి జరిగి కూర్చుంది. కంపెనీ మెషిన్‌లో మనం ఏదీ పెట్టుకోనివ్వని సర్వీసు అయితే అక్కడితో కథ అయిపోయినట్టే, సపోర్టుకి రాస్తే మీ కోరిక నమోదు చేసుకున్నాం అంటారు. మేం డాకర్ ఇమేజ్ ఒకటి, అంటే ప్రోగ్రాంకి కావలసినవన్నీ కట్టిపెట్టిన మూట, చేసుకున్నాం, అందులో నోటో సాన్స్ తెలుగు ఫాంటు, అక్షరాలను సరిగ్గా కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీ ఉన్నాయి, రెండూ ఓపెన్ సోర్సే. ఇప్పుడు ఏ అద్దె మెషిన్ మీదైనా ఆ ఇమేజ్ దిగుతుంది, చీటీ తయారవుతుంది, పోయినసారి చీటీతో పోల్చి ఒక్క ఒత్తు కదిలినా బిల్డ్ ఎర్రగా ఆగిపోతుంది. మన భాషని పట్టించుకోవాలని ఆ కంపెనీకి పుట్టేదాకా మనం ఆగలేం. మనమే చేసుకోగలిగేలా తలుపు తెరిచి ఉండాలి.

భద్రత విషయంలో ఇరుపక్షాల వాళ్ళూ ఒకరి మీద ఒకరు రాళ్ళు వేసుకుంటారు. డబ్బు కట్టిన సర్వీసు భద్రమని ఒకరు, కోడ్ కళ్ళముందుంటుంది కాబట్టి ఓపెన్ సోర్స్ భద్రమని ఇంకొకరు. జరిగినవి చూస్తే రెండూ కూలిపోతాయి. సర్కిల్‌సీఐ అనే బిల్డ్ సర్వీసు కంపెనీలో పనిచేసే ఒక ఇంజినీరు ల్యాప్‌టాప్‌లోకి 2022 డిసెంబర్‌లో మాల్‌వేర్ దూరింది. 2023 జనవరి 4న కంపెనీ తన కస్టమర్లందరికీ, మా దగ్గర దాచిన పాస్‌వర్డులు, కీలు అన్నీ వెంటనే మార్చేసుకోండి అని చెప్పాల్సి వచ్చింది. 2025 మార్చిలో గిట్‌హబ్ యాక్షన్స్‌లో చాలామంది వాడే టీజే యాక్షన్స్ అనే ఓపెన్ సోర్స్ ముక్కని ఎవరో మార్చి, అది వాడే 23,000కి పైగా రిపాజిటరీలను ప్రమాదంలో పెట్టారు. వెర్షన్ పేరు అదే, దాని వెనకున్న కోడ్ మాత్రం మారిపోయింది, రహస్య కీలు బిల్డ్ నడిచినప్పుడు నమోదయ్యే రాతల్లో (లాగ్స్‌లో) బయటపడ్డాయి. వెర్షన్ పేరు నమ్మకుండా ఫలానా కమిట్ (గిట్‌లో నమోదైన ఒక మార్పు) అని పూర్తి నంబరు రాసుకున్న వాళ్ళు చాలావరకు తప్పించుకున్నారు. జెంకిన్స్‌లో 2024 జనవరిలో బయటపడ్డ లోపంతో, లాగిన్ కూడా లేని వాడు సర్వర్‌లోని ఫైళ్ళ నుంచి కొన్ని లైన్లు చదివేయగలిగాడు. ఆఫీసు మూలన పెట్టి మరిచిపోయిన పాత కంప్యూటర్ అని ఇందాక అన్నానే, ఇలాంటివి దాని కోసమే కాచుకుని ఉంటాయి.

వీటన్నింటిలో నన్ను బాగా ఆలోచింపజేసింది 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ళు కుదించే ఓపెన్ సోర్స్ టూల్ సంగతి. జియా తాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్ళకు పైగా ఆ ప్రాజెక్టులో మంచిగా పనిచేసి, నమ్మకం సంపాదించి, చివరికి దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్, దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్ళే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని తవ్వుకుంటూ పోయి దాన్ని పట్టేశాడు. అర సెకను! ఆ దొంగదారిని లేపే మీట గిట్‌లోని మామూలు సోర్స్‌లో లేదు, రిలీజ్ ఫైల్‌లో, బిల్డ్ చేసే వరుసలో దాచారు. అంటే మనం ఇక్కడ మాట్లాడుకుంటున్న ఆటోమేషనే దాడికి దారి. కోడ్‌ని వందమంది చూస్తారు, బిల్డ్ స్క్రిప్టుని ఎవరూ తెరిచి చూడరు. టెస్టులు కోడ్‌ని ఎంతవరకు తాకాయో కొలిచే కోడ్‌కావ్ సర్వీసులో జరిగిందీ అంతే, 2021 జనవరి చివర నుంచి వాళ్ళ అప్‌లోడ్ స్క్రిప్టుని ఎవరో మార్చిపెట్టారు. డౌన్‌లోడ్ చేసిన స్క్రిప్టు చెక్‌సమ్ (ఫైలు మారిందో లేదో పట్టిచ్చే గుర్తు) గిట్‌హబ్‌లో ప్రకటించినదానితో కలవడం లేదని ఒక కస్టమర్ గమనించేదాకా, ఏప్రిల్ దాకా, ఎవరికీ తెలియలేదు. రెండు చోట్లా పట్టుకున్నది సరిపోల్చి చూడగలిగిన బయటి మనిషే. చూడటానికి వీల్లేకుండా మూసేసిన చోట ఆ మనిషికి పనే లేదు.

అందుకే మా దగ్గర ఒక గట్టి నియమం ఉంది, ఎవరు బతిమాలినా మార్చను. అద్దె మెషిన్‌కి అసలు సర్వర్ పాస్‌వర్డ్ ఇవ్వం. అది బిల్డ్ చేస్తుంది, టెస్టు చేస్తుంది, తయారైన ఇమేజ్‌ని ఒకచోట పెడుతుంది, అంతవరకే దాని పని. ఫ్యాక్టరీ వైపున్న సర్వరే వచ్చి, డిజిటల్ సంతకం సరిచూసుకుని, ఇమేజ్ తీసుకెళ్తుంది. రేపు ఆ సర్వీసు కంపెనీలోకి ఎవరైనా దూరినా వాళ్ళకి అసలు సర్వర్ పాస్‌వర్డ్ దొరకదు, దొరికే రైతుల పేర్లు కూడా టెస్టుల కోసం మేం కల్పించిన ఉత్తుత్తివే.

చిత్తూరులో నాలాగే టీము నడిపే తమ్ముడొకడు నన్ను గట్టిగా నిలదీశాడు. "పెట్టిన పిల్లోడు బెంగళూరికి పోతే దాన్ని ఎవురు చూస్తారన్నా? కంపెనీకి డబ్బు కడితే కనీసం ఫోన్ చేయడానికి ఒకడుంటాడు." ఇది కొట్టిపారేసే మాట కాదు. మన దగ్గర పిల్లలు పని నేర్చుకోగానే బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ పోతారు, పోవాలి కూడా, వాళ్ళ బతుకు వాళ్ళది. సర్వర్ విషయంలో వాడన్నది నిజం, అందుకే మెషిన్‌ని అద్దెకు తీసుకోమంటున్నాను. కానీ స్క్రిప్టుల విషయంలో అది తిరగబడుతుంది. ఎస్వీ యూనివర్సిటీ నుంచో, పద్మావతి మహిళా యూనివర్సిటీ నుంచో, చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల నుంచో కొత్తగా వచ్చే పిల్ల ప్లేరైట్‌నీ డాకర్‌నీ గిట్‌నీ హాస్టల్ రూములో, ఎవరి అనుమతీ లేకుండా నేర్చుకుని రాగలదు. లైసెన్స్ సీటు (ఒక్కో మనిషికని డబ్బు కట్టి తీసుకునే హక్కు) ఉంటే తప్ప తెరుచుకోని టూల్‌ని ఎక్కడ నేర్చుకుంటుంది? మా ఆఫీసులో చేరాక, మా డబ్బుతో, మా సీటు మీద. పైగా ఆ టూల్ వాడని కంపెనీకి వెళ్తే ఆ నేర్పు అక్కరకు రాదు. మన ఊళ్ళో పిల్లలకి ఇచ్చే మొదటి ఉద్యోగంలో వాళ్ళు ఎక్కడికైనా పట్టుకెళ్ళగలిగిన పనితనం ఇవ్వాలి. ఇది నాకు వ్యాపారం లెక్క కంటే పెద్ద విషయం.

ఇక ఫోన్ చేయడానికి ఒకడుంటాడన్న మాట. చిన్న ప్లాన్‌కి ఫోన్ నంబరే ఇవ్వరు తమ్ముడూ, మెయిల్ ఐడీ ఇస్తారు.

అలాగని అన్నీ సొంతంగా చేసుకోవాలనే పంతం నాకు లేదు. మాక్ మెషిన్లు కొనను, అద్దెకే. రకరకాల ఫోన్ల మీద యాప్ ఎలా నడుస్తుందో చూడటానికి డివైస్ ఫార్మ్ అద్దెకే తీసుకుంటాం, దామలచెరువు మండీలో ఎవరి చేతిలో ఏ పాత ఫోనుందో అన్ని మోడళ్ళూ కొనడం మావల్ల కాదు. ఎస్ఎమ్ఎస్ పంపడం, డబ్బు వసూలు చేయడం కూడా బయటి సర్వీసులే. ఇవన్నీ ఈరోజు ఒకరి దగ్గర ఆపి రేపు ఇంకొకరి దగ్గర మొదలుపెట్టగలిగేవి. పది రోజుల్లో వదిలించుకోగలమా అని అడుగుతాను, అవునంటే తీసుకుంటాం. ఆ పరీక్షలో నిలవని దాన్ని ఎంత చవగ్గా ఇచ్చినా వద్దంటాను, మొదటి ఏడాది ఉచితం అంటే ఇంకా గట్టిగా వద్దంటాను.

ఓపెన్ సోర్స్ వాడేవాళ్ళం మరచిపోయే బాకీ ఒకటుంది. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు, ఇంటర్నెట్‌లో సగం పనులు ఆధారపడిన ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే భద్రతా లైబ్రరీకి ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2,000 డాలర్లని తెలిసి లోకం ముక్కున వేలేసుకుంది. ఎక్స్‌జెడ్‌లో కూడా ఒంటరిగా అలిసిపోయిన ఒక నిర్వాహకుడి పక్కన చేరే ఆ దొంగ పని కానిచ్చాడు. మన దేశంలో షేర్ల బ్రోకర్ కంపెనీ జెరోధా 2024లో ఏటా పది లక్షల డాలర్లు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఇచ్చేలా ఫ్లాస్ ఫండ్ పెట్టింది. మనం అంత ఇవ్వలేం. కానీ ఒక సర్వీసు మానేసినప్పుడు మిగిలిన డబ్బులో కొంత, మనం రోజూ వాడే టూల్‌ని చూసుకునే మనిషికి పంపగలం. డబ్బు లేకపోతే దోషాలు సరిగ్గా రాసి పంపగలం, తెలుగు ఒత్తులు ఎక్కడ విరుగుతున్నాయో బొమ్మతో సహా చూపించగలం. అది మనం చెప్పకపోతే కాలిఫోర్నియాలో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు ఏదైనా సర్వీసు వాళ్ళు డెమో ఇవ్వడానికి వస్తే నేను ఫీచర్లు చూపించమని అడగను. ముందు ఒక చిన్న టెస్టు చేయించి, దాన్ని బయటికి తీసి, వాళ్ళ అకౌంట్ లేని ల్యాప్‌టాప్ మీద నా ముందే నడిపి చూపించమంటాను. నడిపి చూపించిన వాళ్ళూ ఉన్నారు, వాళ్ళకి సంతోషంగా డబ్బు కడుతున్నాం. చూపించలేని వాళ్ళు మా రోడ్‌మ్యాప్‌లో ఉంది సార్ అంటారు, అది వచ్చాక రమ్మంటాను. తిరుపతిలోగానీ చిత్తూరులోగానీ ఎవరైనా ఈ దారిలో మొదలుపెట్టాలనుకుంటే మా మేక్ ఫైలు, తెలుగు ఫాంట్లున్న ఆ డాకర్ ఇమేజ్ ఇస్తాను, తీసుకెళ్ళి వాడుకోండి. ఒత్తులు సరిపోల్చే స్క్రిప్టు ఇంకా కొంచెం నెమ్మదిగా నడుస్తోంది, దాన్ని వేగం చేసిన వాళ్ళు మాకూ పంపండి.